మున్సిపాలిటీ వారి జుట్టు

మా వేగిరాలపేట మున్సిపాలిటీకి ఐకాన్ లేదన్న సంగతి పైనుంచి సర్క్యులర్ వచ్చేదాకా మాకెవరికీ తెలియదు. మంచినీళ్లు లేవని తెలుసు. మురుగుకాలవలకు దారి లేదని తెలుసు. శ్మశానానికి గోడ లేదని తెలుసు. వీటి గురించి పైవాళ్లు మమ్మల్ని ఏనాడూ తొందరపెట్టిన పాపాన పోలేదు. ఐకాన్‌కి మాత్రం నెలాఖరు గడువు పెట్టారు. "ప్రతి పట్టణమూ తన ఐకాన్‌ను గుర్తించి, ప్రకటించి, పరిరక్షించవలెను. విఫలమైన సంస్థలకు గ్రాంట్ల విడుదల పునఃపరిశీలింపబడును" అని ఆ కాగితంలో ఉంది. ఐకాన్ అంటే ఏమిటో మాత్రం ఎక్కడా లేదు.

నేను ఆ ఆఫీసులో తీర్మానాలు రాసే సీనియర్ అసిస్టెంటును. సభలో పెద్దలు మాట్లాడింది రాయడం నా పని కాదు. వాళ్లు మాట్లాడి ఉండవలసింది రాయడం నా పని. ఇన్నేళ్లలో ఆ రెంటికీ పోలిక కుదరడం నేను చూడలేదు.

అత్యవసర సమావేశం పెట్టారు. కుర్చీలో చైర్‌పర్సన్ హైమవతి గారు, ఆమె కుర్చీ వెనక కుర్చీలో ఆమె అధికారం, అంటే భర్త సుబ్బారాయుడు గారు. పక్కన కమిషనర్ తాండవకృష్ణ గారు. ఈయన మా ఊరికి బదిలీ మీద వచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఇంట్లో భార్యతో కూడా "సదరు కూరలో ఉప్పు చాలలేదు" అంటారని వాళ్ల డ్రైవరు చెప్పాడు. ఆయన మాట తీరు విన్నాక నేను నమ్మాను.

ఐకాన్ అంటే ఏమిటన్న దగ్గరే సభ చీలిపోయింది. కౌన్సిలరు జాన్‌సుందరం గారు రిటైరైన మాస్టారు. అది అసలు దేవుడి పటానికి పేరనీ, పూర్వం చర్చిల్లో చెక్కపలకల మీద చిత్రించి దాని ముందు మోకరిల్లేవారనీ చెప్పారు. అలాగైతే ఏ దేవుడి పటం పెట్టాలని వెనక నుంచి ఎవరో అడిగారు. ఆ అర్థంతో ఊరు తగలబడేలా ఉందని దాన్ని వెంటనే పక్కన పెట్టేశారు. సెల్‌ఫోన్ల కొట్టు నడిపే కుర్ర కౌన్సిలరు, ఫోన్లో వేలు పెట్టి నొక్కే చిన్న బొమ్మలే ఐకాన్లనీ, కావాలంటే వంద డౌన్‌లోడ్ చేసిస్తాననీ అన్నాడు. కాదు, సినిమా హీరోల పేరు ముందు తగిలించే బిరుదు అన్నాడు ఇంకొకాయన. సుబ్బారాయుడు గారు ఏమీ అనకుండా గోడకున్న తన భార్య ఫ్లెక్సీ వైపు చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు కమిషనర్ గారు లేచారు. "గౌరవ సభ్యుల అభిప్రాయములన్నియు సమాదరణీయములే. అయితే పటమునకైనను, బొమ్మకైనను, హీరోకైనను సామాన్యాంశము ఒకటి గలదు. చూడగానే గుర్తుపట్టబడుట. కావున ఐకాన్ అనగా చూడగానే గుర్తుపట్టబడునది అని నిర్వచించుకొని ముందుకు పోవుదము" అన్నారు. అందరూ బల్లలు చరిచారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే సభ మాది. ఈనిందెలా అని అడిగే అలవాటు మాకు లేదు.

ఇక గుర్తుపట్టబడేదాని కోసం వెతుకులాట. గడియారస్తంభం అన్నారు. అది కూలిపోయి చాలాకాలమైందని ఇంజనీరు గుర్తుచేశాడు. సెంటర్లో ఉన్న విగ్రహం అన్నారు. అది ఎవరిదో సభలో ఒక్కరూ చెప్పలేకపోయారు. చైర్‌పర్సన్ గారి ఫ్లెక్సీ పేరు కూడా వచ్చింది. అందులోని మనిషి ఎవరో ఆవిడ అత్తగారే పోల్చుకోలేకపోయిందని ఒక సభ్యుడు గొణిగాడు. అంతలో కరెంటు పోయింది. ఉక్క భరించలేక సోడాలకు కబురు పెట్టారు.

బస్టాండు దగ్గర గోళీసోడా బండి పెట్టుకున్న గవర్రాజు బుట్ట పట్టుకుని లోపలికొచ్చాడు. భుజాలు దాటిన జుట్టు, గుండెల మీదికి దిగిన గడ్డం, చెవుల దాకా పాకిన మీసం. ఆ చీకట్లో కూడా సభ మొత్తం ఒక్క గొంతుతో "గవర్రాజు" అంది. ఊరికి కొత్తయిన కమిషనర్ గారు కూడా "సదరు బస్టాండు సోడా వ్యక్తి కదూ" అన్నారు. అంతే, అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గవర్రాజు సోడా కొడుతూ ఉండగానే ఐకాన్ అయిపోయాడు.

ఆ జుట్టెందుకు పెంచావయ్యా అని ఆ గదిలో ఒక్కడు అడిగితే ఈ కథ అక్కడితో ముగిసేది. మా దిక్కున జుట్టూ గడ్డమూ అలా వదిలేసి తిరిగే మనిషిని చూస్తే చంటిపిల్లాడికి కూడా తెలుస్తుంది, మొక్కు ఉందని. గవర్రాజు కూతురు నాగమణికి రెండు కాన్పులు పోయాయి. మూడోసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, బిడ్డ దక్కితే మూడో ఏడు దాటకుండా దాని పుట్టువెంట్రుకలతో పాటే నా తలనీలాలూ ఇస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాడు. పిల్ల దక్కింది. పేరు వరలక్ష్మి, పిలిచేది పండు. ఆనాటి నుంచి అతని తల మీదా గడ్డం మీదా కత్తి పడలేదు. అంతకుముందు గవర్రాజంటే ఏ గవర్రాజు అని అడగవలసినంత మామూలు మనిషి. అంటే దేవుడికి ఇచ్చెయ్యడానికి దాచిన సొత్తును చూసి మా మున్సిపాలిటీ ఇది మాది అనుకుంది.

సన్మానం జరిగింది. శాలువా కప్పారు. మాట్లాడమని మైకు ఇస్తే, "ఆయ్, అందరికీ నమస్కారమండి. సోడా కావాలంటే బస్టాండు కాడికి రండి" అని మైకు తిరిగిచ్చేశాడు. మా ఊరి సభల్లో నేను విన్న అర్థవంతమైన ఉపన్యాసం అదొక్కటే.

తర్వాత హైదరాబాదు నుంచి నిఖిలేష్ అనే కన్సల్టెంటు దిగాడు. గవర్రాజు చుట్టూ ప్రదక్షిణం చేసి, "సార్, ముఖం అనవసరం. రీకాల్ వాల్యూ, అంటే జనానికి గుర్తుండిపోయే గుణం, అంతా జుట్టులోనే ఉంది" అన్నాడు. కళ్లు, ముక్కు, నోరు తీసేసి, జుట్టూ మీసమూ గడ్డమూ మాత్రం ఉంచి ఒక గుండ్రటి బొమ్మ గీశాడు. అది చెత్తబండ్ల మీద, నీళ్ల ట్యాంకర్ల మీద, కుక్కలు పట్టే వ్యాను మీద పడింది. మరుగుదొడ్ల మీద పురుషుల వైపు అదే బొమ్మ వేసి, స్త్రీల వైపు అదే బొమ్మకు తల్లో పువ్వు పెట్టారు. గడ్డం తీసెయ్యండి మహాప్రభో అంటే, బ్రాండ్ గైడ్‌లైన్స్ ఒప్పుకోవన్నాడు. మా ఊరి ఆడవాళ్లు ఆ గడ్డపు బొమ్మను చూసి బెదిరి ఇళ్లకు పరిగెత్తడం నా కళ్లారా చూశాను.

మున్సిపాలిటీ యాప్ తెరిస్తే ఆ బొమ్మే. నొక్కితే ఫిర్యాదు నమోదవుతుందన్నారు. నొక్కినవాళ్లకు బొమ్మ ఒకసారి వణికి ఊరుకునేది. దాంతో జనం ఫోను మానేసి నేరుగా బండి దగ్గరకే వచ్చి మనిషికి చెప్పుకోవడం మొదలుపెట్టారు. "గవర్రాజూ, మా వీధి లైటు ఎలగట్లేదు", "గవర్రాజూ, మా ఇంటిముందు పంది సచ్చిపోయింది". అతను సోడా కొడుతూనే అందరికీ "సూద్దామండి" అనేవాడు. ఆ మాట కూడా మా ఆఫీసులో ఎవరూ అనేవారు కాదు కనుక జనం తృప్తిగానే వెళ్లేవారు.

సెంటర్లో ఆ ఎవరో తెలియని విగ్రహాన్ని తీసేసి అక్కడ గవర్రాజు విగ్రహం పెట్టారు. జుట్టుకు ఎక్కువ సిమెంటు పట్టిందని కంట్రాక్టరు గొప్పగా చెప్పుకున్నాడు. వారం తిరిగేసరికి దాని కాళ్ల దగ్గర పసుపూ కుంకుమా పడ్డాయి. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. పరీక్షలకు వెళ్లే పిల్లలు హాల్‌టికెట్లు దాని గడ్డానికి తాకించి వెళ్లారు. జాన్‌సుందరం మాస్టారు దాన్ని చూసి, "నేను చెప్పిన అర్థమే గెలిచిందయ్యా" అన్నారు. ఆ గెలుపుకు ఆయన సంతోషించినట్టు నాకు కనిపించలేదు.

ఇక్కడిదాకా గవర్రాజు నవ్వుతూనే ఉన్నాడు. ఆ తర్వాత సర్క్యులర్‌లోని మూడో మాట, పరిరక్షించవలెను అన్నది, అమల్లోకి వచ్చింది. నెలనెలా టౌన్‌ప్లానింగ్ వాళ్లు టేపు తెచ్చి అతని గడ్డం కొలవసాగారు. నెరిసిన వెంట్రుకలను "రూపక్షీణత" అని రాసుకుని, రోడ్డు పనుల తీరులోనే ఎస్టిమేటు వేసి రంగు పూయించారు. ఎండలో తలపాగా కట్టుకోకూడదు, ఐకాన్ కప్పబడుతుంది. వానలో బండి పెట్టకూడదు, ఐకాన్ తడుస్తుంది. గవర్రాజు భార్య సూరమ్మ ఒకరోజు కొలిచేవాణ్ణి నిలదీసింది. "ఏవయ్యా, నా మొగుడి గెడ్డం నాకు లేని లెక్క నీకెందుకు?" వాడు పాపం, "గవర్నమెంటు పనమ్మా" అని టేపు చుట్టుకుని పోయాడు.

పండుకు మూడో ఏడు నిండబోతుండగా గవర్రాజు మా ఆఫీసుకొచ్చి కమిషనర్ గారి బల్ల ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. నేను తీర్మానాల పుస్తకం పట్టుకుని పక్కనే ఉన్నాను.

"ఆయ్, తిరపతెల్లాలండి. మనవరాలికి పుట్టెంటికలండి."

"శుభం. వెళ్లి రావయ్యా" అన్నారు కమిషనర్ గారు, తల ఎత్తకుండానే.

"నాక్కూడా గుండండి."

కమిషనర్ గారి చేతిలో పెన్ను ఆగింది. "ఎవరికి?"

"నాకేనండి. మొక్కండి. అందుకేగదండి ఈ జుట్టంతాను."

కమిషనర్ గారు చాలాసేపు అతని తల వైపు చూశారు. అంతకాలం పట్టణానికి ప్రతీక అనుకున్నది ఒక మనిషి తల మీద మొలిచిందని అప్పుడే గ్రహించినట్టున్నారు. గ్రహించాక అయ్యో అనుకుంటారని నేను ఆశపడ్డాను. ఆయన నాతో, "ఈ విషయమున నిర్వచనము ఏమున్నది?" అన్నారు.

"చూడగానే గుర్తుపట్టబడునది సార్."

"గుండు చేయించుకొనిన పిదప సదరు వ్యక్తి గుర్తుపట్టబడునా?"

"ఇంట్లోవాళ్లు పడతారు సార్."

"ఇంట్లోవారు పట్టణము కాదు. గుర్తుపట్టబడనిచో ఐకాన్ లేదు. ఐకాన్ లేనిచో గ్రాంటు లేదు. గ్రాంటు లేనిచో అభివృద్ధి లేదు. ఒక్క వ్యక్తి క్షవరము నిమిత్తము పట్టణాభివృద్ధిని బలిపెట్టజాలము."

బోడిగుండుకూ మోకాలికీ ముడివెయ్యడం అన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ ముడి ఇంత గట్టిగా, ఇంత వ్యాకరణబద్ధంగా వెయ్యగలిగినవాణ్ణి ఆ రోజే చూశాను.

ఉపసంఘం వేశారు. నిఖిలేష్ గారి సలహా, గుండు చేయించుకుని విగ్గు పెట్టుకోవచ్చునని. జుట్టు కొండ మీద వేలానికి వస్తుంది గనుక అదే జుట్టు మున్సిపాలిటీ పాడుకుని విగ్గు కుట్టిస్తే ఒరిజినాలిటీ దెబ్బతినదు. దేవుడి దగ్గర తిరిగి కొనడం పద్ధతేనా అని ఎవరో అడిగితే, టెండరు పిలిస్తే ఏదైనా పద్ధతేనన్నారు సుబ్బారాయుడు గారు. కానీ లక్షల తలల జుట్టులో ఐకాన్ గారిది ఏదో ఎలా తెలుస్తుందన్న దగ్గర అది ఆగిపోయింది. సుబ్బారాయుడు గారే ఇంకో ఉపాయం చెప్పారు. మనిషికి బదులు సెంటర్లో విగ్రహానికి గుండు కొట్టిస్తే మొక్కు తీరినట్టే కదా. ఇంజనీరు సుత్తి పెట్టి అంచనా వేసి, జుట్టు తీస్తే తల కూడా వచ్చేస్తుందన్నాడు.

చివరకు కమిషనర్ గారే దారి కనిపెట్టారు. గుండు ఇవ్వలేని ఆడవాళ్లు మూడు కత్తెరలు ఇచ్చి మొక్కు చెల్లించుకోవడం మన ఆచారంలో ఉన్నదేగా. "సదరు ఐకాన్ తల వెనుక భాగమున, ప్రజలకు కానరాని చోట, టౌన్‌ప్లానింగ్ అధికారి సమక్షమున మూడు కత్తెరలకు మాత్రము అనుమతించడమైనది" అని తీర్మానం నాచేత రాయించారు. అక్షరం పొల్లుపోకుండా రాశాను.

ఆ కాగితం తీసుకుని సూరమ్మ స్వయంగా వచ్చింది. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు. ఆమె కూర్చుంది.

"ఏవండీ కమీషనరు గారూ, మూడు కత్తిరింపులంటే ఆడోళ్లకండి. మా ఆయన గుండని మొక్కేడు. దేవుడితో బేరాలాడతామాండి?"

"ఇది బేరము కాదమ్మా, సడలింపు."

"అయినాగానీ మా అమ్మాయి ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు మీ మున్సిపాలిటీ ఎక్కడుందండి? మేం మొక్కింది మీకు కాదు, బిడ్డనిచ్చింది మీరు కాదు. మజ్జిలో మీరెవరండి?"

కమిషనర్ గారు కొంచెంసేపు ఆలోచించి, "పరిరక్షకులము" అన్నారు.

సూరమ్మ ఆ మాట అర్థం కానట్టు నా వైపు చూసింది. నేను పుస్తకంలో తల దూర్చాను. "మూడో ఏడు దాటిపోతే పిల్ల తలెంటికలు ఎప్పుడు తియ్యాలండి? మళ్లీ అయిదో ఏడు దాకా ఆగాలా? అప్పటిదాకా దానికేదన్నా జొరమొచ్చినా దగ్గొచ్చినా నేను గుండె పట్టుకుని కూకోవాలా?" అంది. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న ఇంట్లో దగ్గంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలియకపోవచ్చు, నాకు తెలుసు. నాకు ఒళ్లు మండిపోయింది. మండినా చేతిలో ఉన్నది పెన్నే.

"ఉన్నతాధికారులకు నివేదించి స్పష్టత కోరెదము" అని లేచారు కమిషనర్ గారు.

స్పష్టత పైనుంచి రాలేదు. కింద మాత్రం పనులు చకచకా జరిగాయి. ఊళ్లో సెలూన్లన్నిటికీ నోటీసులు వెళ్లాయి, సదరు వ్యక్తి తలకు కత్తెర గాని, కత్తి గాని, మిషను గాని తాకించినచో లైసెన్సు రద్దగునని. బస్టాండులో బండి పక్కన ఒక వాచ్‌మన్‌ను కూర్చోబెట్టారు. వాడికి రోజుకు రెండు సోడాలు ఊరికే వచ్చేవి గనుక కాపలా శ్రద్ధగానే సాగింది. గవర్రాజు మాట తగ్గించేశాడు. వీధి లైటు గురించి చెప్పినా, పంది గురించి చెప్పినా, "నా తలే నా చేతిలో లేదండి" అనేవాడు.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఒక తెల్లవారుజామున తలకు దుప్పటి చుట్టుకుని, సూరమ్మతో, కూతురూ అల్లుడితో, పండును భుజాన వేసుకుని, గవర్రాజు మొదటి బస్సెక్కేశాడు. వాచ్‌మన్ చూశాడట. "జుట్టు కనపడలేదండి, ఎవరో అనుకున్నా" అన్నాడు తర్వాత. ఆ మాట విన్నాక కమిషనర్ గారి నిర్వచనం ఎంత గట్టిదో మాకు అర్థమైంది.

నాలుగోరోజు పొద్దున బస్టాండులో ఒక బక్కపలచటి బోడిగుండు మనిషి, గుండుకు గంధం రాసుకుని, చంకలో ఇంకో చిన్న గుండుతో దిగాడు. తిన్నగా సోడా బండి దగ్గరకు వెళ్లాడు. అక్కడ అతని కంటే ముందే గవర్రాజు ఉన్నాడు. భుజాలు దాటిన జుట్టు, గుండెల మీద గడ్డం, చెవుల దాకా మీసం. నిఖిలేష్ గారు పక్క ఊరి నాటక సమాజం నుంచి ఒక నటుణ్ణి నెల జీతానికి మాట్లాడి తెచ్చారు. రుషి వేషాలు వేసేవాడు. జుట్టు అతనిదే, సొంతంగా కొనుక్కున్నది. సోడా కొట్టడం రాక గోళీ లోపలికి తొయ్యబోయి బొటనవేలు ఇరికించుకుని ఉన్నాడు.

"తప్పుకోండి బాబూ, ఇది నా బండండి" అన్నాడు గవర్రాజు.

వాచ్‌మన్ లేచి, "ఎవరయ్యా నువ్వు? ఇది ఐకాన్ గారి బండి" అన్నాడు.

మొన్నటిదాకా తను కొట్టిన సోడాలు తాగినవాడు ఆ మాట అనేసరికి గవర్రాజు చెయ్యి తన గుండు మీదికి పోయింది. చుట్టూ చేరిన జనంలో కొందరు గొంతు విని గవర్రాజే అన్నారు. కొందరు జుట్టు చూసి బండి దగ్గరున్నవాడే గవర్రాజన్నారు. సూరమ్మ వాచ్‌మన్ కాలరు పట్టుకుంది. గొడవ పోలీసుల దాకా పోకుండా కమిషనర్ గారు విచారణకు పిలిపించారు.

విచారణ కౌన్సిల్ హాల్లో. ఒకవైపు నటుడు, ఇంకోవైపు గవర్రాజు కుటుంబం. పండు తాత ఒళ్లో కూర్చుని తన గుండు తడుముకుని, తాత గుండు తడిమి నవ్వుతోంది. ఆ గదిలో సంతోషంగా ఉన్నది ఆ పిల్ల ఒక్కతే.

కమిషనర్ గారు మొదలుపెట్టారు. "ఇక్కడ రెండు మార్గములు గలవు. ఒకటి, నీవు గవర్రాజువైనచో పట్టణ ఐకాన్‌ను అనుమతి లేకుండ వికృతపరచితివి. అది మున్సిపల్ ఆస్తికి నష్టము. కేసు పెట్టవలసియున్నది."

"పెట్టుకోండి" అంది సూరమ్మ. "మీ ఆస్తి తీసుకున్నది మేం కాదుగా. కొండమీదున్నాయన. కేసు పెడితే ఆయన్ని కూడా పిలవండి. అడగండి, మా జుట్టెందుకు పుచ్చుకున్నావని."

కమిషనర్ గారి కుర్చీ వెనక గోడకు ఏడుకొండలవాడి పటమే ఉంది. సుబ్బారాయుడు గారు అటు చూసి గబగబా లెంపలేసుకున్నారు. హైమవతి గారు ఆ పదవిలోకి వచ్చాక మొట్టమొదటిసారి భర్త వైపు చూడకుండా మాట్లాడారు. "కేసొద్దండి. నా ఇంట్లోనూ మొక్కులున్నాయి" అన్నారు.

దేవుణ్ణి రెండో ముద్దాయిగా చేర్చే ధైర్యం కమిషనర్ గారికి లేదు. గ్రాంటు పోగొట్టుకునే ధైర్యం అంతకంటే లేదు. మంచినీళ్లు తాగి రెండో మార్గం చెప్పారు. "ఇక రెండవది. నీవు గవర్రాజువు కావు. ఐకాన్ యథాతథముగ నున్నది, అదిగో. దాని జుట్టు ఎవరును తీయలేదు. కావున నేరము జరుగలేదు. ఎవరికిని నష్టము లేదు. ఈ మార్గము అందరికిని శ్రేయస్కరము."

గవర్రాజు పిల్లను రెండో మోకాలి మీదికి మార్చుకున్నాడు. "అయితే నా బండండి?"

"అది గవర్రాజు పేర ఉన్నది."

"నేనెవరండి మరి?"

"అది విచారణ పరిధిలోనిది కాదు."

సూరమ్మ లేవబోతే గవర్రాజు చెయ్యి పట్టి ఆపాడు. "పోన్లెండి. బండి మీరే ఉంచుకోండి. పేరు కూడా మీరే ఉంచుకోండి. ఇంకో పేరెట్టుకు బతుకుతాను" అన్నాడు. అంతలోనే ఏదో తట్టి తల ఎత్తాడు. "ఆగండాగండి. గవర్రాజు జుట్టు ఎవరూ తియ్యలేదని రాత్తారా?"

"అవును."

"అంటే మొక్కు తీరలేదని రాసినట్టేగదండి."

గవర్రాజు లేచి నిలబడ్డాడు. పిల్లను ఎత్తుకుని ఆయన బల్ల దాకా నడిచాడు. "అది మాత్రం రాయకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. రెండు పోయాకా దక్కిందండి ఇది. మాటిచ్చి తీర్చలేదని మీ కాయితంలో ఉంటే ఎట్టాగండి? ఇదిగో, పిల్ల గుండు చూడండి. ఇది మీది కాదుగదండి. మాకు మగపిల్లలు లేరని, మేనమామకి బదులుగా దీన్ని ఒళ్లో కూకోబెట్టుకుని నేనే తీయించేనండి. నేను కాకపోతే మరి ఆ ఒళ్లో కూకోబెట్టుకున్నది ఎవరండి?"

పండు కమిషనర్ గారి బల్ల మీద ఉన్న పేపర్‌వెయిట్ అందుకోబోయింది. ఆయన దాన్ని కొంచెం ఇవతలికి జరుపుకున్నారు.

"రికార్డు ప్రకారము ఎవరును లేరు" అన్నారు.

ఆ వాక్యం నేను రాయాలి. యాభై దాటిన మనిషి తన మనవరాలిని పట్టుకుని ఎదురుగా నిలబడి ఉండగా అక్కడ ఎవరూ లేరని రాయాలి. రాశాను. చేతిరాత బాగుందని కమిషనర్ గారు మెచ్చుకున్నారు కూడాను.

ఆ సంవత్సరం మా పట్టణానికి ఐకాన్ పరిరక్షణలో ప్రశంసాపత్రం వచ్చింది. గ్రాంటు మాత్రం రాలేదు. నటుడికి జీతం ఇవ్వలేక నిఖిలేష్ గారు హైదరాబాదు వెళ్లిపోయారు. నటుడు జుట్టు పెట్టెలో పెట్టుకుని తన ఊరు వెళ్లిపోయాడు. బండి తుప్పు పట్టి బస్టాండులో పడి ఉంది. దాని చుట్టూ గొలుసు కట్టి, ముట్టరాదని బోర్డు పెట్టారు.

గవర్రాజు కాలవ వంతెన దాటి, మున్సిపాలిటీ పొలిమేర అవతల, అప్పు చేసి ఇంకో బండి పెట్టుకున్నాడు. ఊళ్లో సగంమంది సాయంత్రాలు వంతెన దాటి సోడా తాగడానికి వెళ్తారు. నేనూ వెళ్తాను. మొదట్లో అతని మొహం చూడలేక సోడా తాగి వచ్చేసేవాణ్ణి. పండుకు చక్కగా చెవుల దాకా జుట్టు వచ్చింది, బండి చుట్టూ తిరుగుతూ ఆడుకుంటుంది. గవర్రాజు తల మాత్రం అద్దంలా నున్నగా ఉంటుంది. గడ్డం లేదు, మీసం లేదు, ఏ వారానికావారం గీయించేస్తాడు.

మొన్న ఉండబట్టలేక అడిగాను. మొక్కు తీరిపోయిందిగా, ఇంకా ఎందుకయ్యా ఈ గుండు అని.

సోడా గోళీ తొయ్యబోయినవాడు ఆగి, వంతెన వైపు ఒకసారి చూశాడు.

"మళ్లీ ఎవరన్నా గుర్తుపడతారేమోనని బయ్యమండి" అన్నాడు.